సంతకం పెట్టేముందు నంది లోయకు ఒకసారి రండి

ఈ నెలలో నాకు ఫోన్లో రెండు ప్రశ్నలు ఎక్కువగా వచ్చినాయి. ఒకటి, "తోట పేపర్లు ఎంతదాకా వచ్చినాయి?" రెండోది, "పిల్లల్ని తీసుకొస్తే అక్కడ చూసేదానికి ఏముంది?" పుణె చిన్నాయన పిల్లలు, హొసూరు అత్తోళ్ళు, బళ్ళారి పెద్దనాయన ఇంటోళ్ళు, అందరూ ఈ రెండే అడిగినారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. లేఅవుట్ వాళ్ళు అడుగుతున్న 1 ఎకరం 30 గుంటల ద్రాక్ష తోటకు పహణిలో ఇంకా తాత పేరే ఉంది. పౌతి ఖాతా అయ్యి, ఆ తర్వాత అమ్మకం జరగాలంటే 9 మంది పాలుదారులూ సంతకం పెట్టాలి. ఆ 9 మందిలో 5 మంది ఆ తోటలో కాలు పెట్టి 15 ఏళ్ళ పైన అయింది. అందుకే రెండో ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబు రాస్తా ఉండాను. మీరు ఊరికే చూసిపోయేదానికి రండి, రెండు రోజులు ఉండండి. కాగితం మాట ఆ తర్వాత మాట్లాడదాం.

నా తెలుగు గురించి ఒక మాట. నేను చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఇరవై ఏళ్ళు దాటినాక నేర్చుకున్నాను. కన్నడ తెలిసినోళ్ళకు అది పెద్ద కష్టం కాదు, అక్షరాలు అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. కాబట్టి మధ్యమధ్యలో మా ఊరి మాటలు వస్తే సర్దుకోండి. ద్రాక్ష పందిరిని మేము చప్పరం అంటాం. కొండను బెట్ట అంటాం. ఇవి కన్నడం మాటలని నాకు చాలా కాలం తెలియనే లేదు.

లోయ అని పేరు ఎట్లా వచ్చింది

మన తాత కాలంలో దీన్ని ఎవరూ లోయ అనలేదు. నంది బెట్ట కింద ఊర్లు అనేవాళ్ళు, అంతే. 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ కోసం ప్రత్యేకంగా ఒక పాలసీ తెచ్చింది, వైన్ బోర్డు పెట్టింది. ద్రాక్ష పండే ప్రాంతాలకు నంది లోయ, కృష్ణా లోయ, కావేరి లోయ అని పేర్లు వచ్చినాయి. దొడ్డబళ్ళాపుర, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర, కోలారు చుట్టుపక్కలంతా నంది లోయ అయింది. లోయ అంటే మధ్యలో ఏరు పారతా ఉంటుందని అనుకోవద్దండి. ఏడాది పొడుగునా పారే ఏరు ఇక్కడ ఒక్కటీ లేదు. గుండ్రాళ్ళ కొండలు, వాటి మధ్య చెరువులు, చెరువుల కింద తోటలు.

ఇంకో లోయ కూడా ఉంది మాకు. బెంగళూరు మురికి నీళ్ళను శుద్ధి చేసి పైపుల్లో పంపించి చిక్కబళ్ళాపుర చెరువులు నింపే పథకం ఉంది కదా, దాని పేరు హెబ్బాళ–నాగవార వ్యాలీ. మా నాయన నవ్వతా అంటాడు: "ఒక వ్యాలీ వైనుకు, ఇంకో వ్యాలీ ఆ తాగినోళ్ళ నీళ్ళకు." నవ్వినా, ఆ నీళ్ళు వచ్చినాకే ఎండిపోయిన చెరువుల్లో కొన్ని మళ్ళీ కనిపించినాయి. ఆ నీళ్ళను ఇంకా బాగా శుద్ధి చేసి పంపాలని రైతులు అడుగుతానే ఉండారు. మీరు వచ్చేటప్పుడు దారిలో నిండుగా చెరువు కనిపిస్తే, కొంగలను చూసి పిల్లలు సంతోషిస్తారు. ఆ నీళ్ళ కథ మాత్రం వాళ్ళకు చెప్పండి.

మొదటి రోజు పొద్దున: భోగనందీశ్వర గుడి

బెట్ట పైకి ముందు పోవద్దు. కింద నంది ఊర్లో భోగనందీశ్వర గుడి నుంచి మొదలుపెట్టండి. 9వ శతాబ్దం నాటి గుడి. నొలంబ రాజుల కాలంలో మొదలై, గంగులు, చోళులు, హొయసళులు, విజయనగరం వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్కటి కలుపుకుంటా పోయినారు. ఒకే ప్రాకారంలో అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు, మధ్యలో ఉమామహేశ్వరుడు. అరుణాచలేశ్వరుడంటే బాల్యం, భోగనందీశ్వరుడంటే యౌవనం, బెట్ట మీద ఉండే యోగనందీశ్వరుడు వైరాగ్యం అని చెప్తారు. అందుకే కొత్తగా పెళ్ళైనోళ్ళు కింద గుడికి వస్తారు. ఉమామహేశ్వరుని ముందర నల్లరాతి కల్యాణ మంటపం ఉంది. ఆ స్తంభాల మీద తీగలు, చిలకలు చూడాలంటే కనీసం అరగంట నిలబడాలి.

గుడి వెనక శృంగి తీర్థం అని మెట్ల కల్యాణి ఉంది. నంది తన కొమ్ముతో నేలను పొడిస్తే గంగ వచ్చిందని కథ. దక్షిణ పినాకిని అక్కడే పుట్టిందని మా ఊర్లో అంటారు. పొద్దున ఎనిమిదికి ముందు పోతే గుడి మనదే అన్నట్టుంటుంది. శివరాత్రి జాతరకు మాత్రం ఆ చుట్టుపక్కల కారు కదలదు, ఆ రోజులు వదిలిపెట్టండి.

మధ్యాహ్నం: వైన్ తోట

ఇది చదివి అమ్మమ్మలు నన్ను తిట్టొద్దు. లోపలికి పోతే తాగాలని ఎవరూ పట్టుబట్టరు. నేను మా అమ్మను తీసుకొనిపోయి వచ్చినాను.

గ్రోవర్ వాళ్ళు 1988లో నంది బెట్ట కింద ఫ్రాన్సు రకాలు పెట్టి మొదలుపెట్టినారు. కాబెర్నే సొవిన్యాన్, షిరాజ్ లాంటివి. బెట్ట ఎత్తు 1,478 మీటర్లు. కింద తోటలు కూడా సముద్ర మట్టానికి బాగా ఎత్తులోనే ఉండాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం, నీళ్ళు నిలవని ఎర్ర గరప నేల. వైన్ ద్రాక్షకు కావలసింది ఇదే. ఇప్పుడు ఈ లోయలో ఇంకా కొన్ని వైనరీలు ఉండాయి. ముందే బుక్ చేసుకుంటే తోట, ఫ్యాక్టరీ చూపించి, చివర్లో రుచి చూపిస్తారు. పిల్లలకు రుచి ఉండదు, తోట మటుకు చూడొచ్చు.

అమ్మ మొదట గమనించింది చప్పరం లేదని. మన తోటలో తీగ తల పైకి పోయి చప్పరం మీద పరుచుకుంటుంది, మనం కింద నీడలో వంగి నడుస్తాం. అక్కడ తీగలు కంచె మాదిరి వరసగా నిలబడి ఉంటాయి, గెలలు మోకాలి ఎత్తులో వేలాడతాయి. కాయ చిన్నది, తోలు మందం, గింజ పెద్దది. ఒక్క తీగకు ఎక్కువ గెలలు వదలరంట, కాపు తగ్గితేనే రుచి చిక్కబడుతుందని. అమ్మ నా చెవిలో అన్నది: "మీ తాత విని ఉంటే కొట్టేవాడు. గెల కోసి పారేసేదేందిరా!"

లోపల స్టీలు ట్యాంకులు, వాటి చుట్టూ చల్లదనం. ఎర్ర వైనుకు తోలుతో కలిపి పులియబెడతారు, రంగు తోలులోనుంచే వస్తుంది. తెల్ల వైనుకు రసం పిండి తోలు తీసేస్తారు. కొన్ని రకాలను ఓకు చెక్క పీపాల్లో నెలల కొద్దీ పెడతారు. గైడు ఇంగ్లీషులో చెప్తా ఉంటే నేను అమ్మకు తెలుగులో చెప్పినాను. ఫర్మెంటేషన్ అనే మాటకు నేను తడుముకుంటా ఉంటే ఆమే అన్నది, "పులియడమే కదా, ఇడ్లీ పిండి వాసనే వస్తా ఉంది" అని. ఆ తర్వాత ఆ అబ్బాయిని సూటిగా కన్నడలో అడిగింది, కాడలు ముందే తీస్తారా, కలిపి వేస్తారా అని. యంత్రంతో తీసేస్తాం అమ్మా అన్నాడు. ఆ రోజు అక్కడికొచ్చిన పాతికమందిలో ద్రాక్ష గురించి ఆయన్ను అడిగింది మా అమ్మ ఒక్కతే. మిగతావాళ్ళు గ్లాసు ఎట్లా పట్టుకోవాలని అడిగినారు.

సాయంత్రం: మన తోట

మన తోటలో ఉండేది బెంగళూరు బ్లూ. నల్లగా, గింజతో, తోలు జారిపోయే కాయ. నోట్లో వేసుకుంటే ముందు వాసన, తర్వాత తీపి, చివర్లో పులుపు. దీనికి జిఐ గుర్తింపు కూడా ఉంది. సూపర్ మార్కెట్లో గింజ లేని పచ్చ ద్రాక్ష తిని పెరిగిన పిల్లలు మొదట మొహం చిట్లిస్తారు, రెండో గెలకు అలవాటు పడతారు. ఏడాదికి రెండు పంటలు తీయొచ్చు, అదే దీని గొప్ప. కాయ ఎక్కువగా జ్యూసుకు, జాముకు, తక్కువ ధర వైనుకు పోతుంది.

తాత 1974లో మొదటి తీగ పెట్టినాడు. కంబాలన్నీ రాతివే, ఈ కొండల రాయే. యాభై ఏళ్ళైనా ఒక్కటి వంగలేదు. అప్పుడు నీళ్ళు బావిలోనుంచి. ఆ బావిలో నాయన ఈత నేర్చుకున్నాడు. ఇప్పుడు అందులో వేపచెట్టు పెరిగింది. ఇప్పటి బోరు 1,150 అడుగులు. అంతకు ముందు వేసిన రెండు బోర్లు ఎండిపోయినాయి.

పిల్లలకు చేసేదానికి పని ఉంటుంది. కత్తెర ఇస్తాం, గెలలు కోయొచ్చు. తాత నేర్పినట్టు గెలను అరచేతిలో పట్టుకొని కాడ దగ్గర కత్తిరించాలి, కాయను వేలితో తాకితే పైన ఉండే బూడిద పొర పోతుంది, మండీలో ధర తగ్గుతుంది. బూజు తెగులు రాకుండా వేసే బోర్డో మందు ఎట్లా కలుపుతారో నాయన చూపిస్తాడు. కిలో మైలుతుత్తం ఒక బకెట్లో, కిలో సున్నం ఇంకో బకెట్లో కరిగించి, రెండూ కలిపి 100 లీటర్లు చేయాలి. ఆకాశం రంగు వస్తుంది. అందులో ఇనుప కత్తి ముంచి తీస్తే కత్తి మీద ఎర్రగా రాగి పట్టకూడదు, పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నేను చూసిన మొదటి టెస్టు ఆ కత్తి.

రెండో రోజు: బెట్ట

తెల్లవారుజామునే లేవాలి. శని, ఆదివారాలు బెంగళూరు అంతా ఇక్కడే ఉంటుంది, బండ్లను కిందే ఆపేస్తారు. మామూలు రోజు రండి. కాళ్ళు గట్టిగా ఉన్నోళ్ళు సుల్తాన్‌పేట వైపు నుంచి మెట్ల దారిలో ఎక్కొచ్చు, వెయ్యికి పైగా మెట్లు. సైకిలోళ్ళు ఘాట్ రోడ్డులో రొప్పుతా ఎక్కతా ఉంటారు, కారు వాళ్ళు కొంచెం చూసి నడపండి. కోతులకు ప్లాస్టిక్ కవరు కనబడితే చాలు, చేతిలోనుంచే లాక్కుంటాయి.

పైన టిప్పు వేసవి మందిరం, కబ్బన్ దొర కట్టించుకున్న బంగళా, నెహ్రూ నిలయం, అమృత సరోవరం, యోగనందీశ్వర గుడి ఉండాయి. 1791లో ఇంగ్లీషోళ్ళు ఈ కోటను టిప్పు నుంచి పట్టుకున్నారు. టిప్పు డ్రాప్ అనే చోట అంచుకు పోవద్దు. పక్షులు చూసే అలవాటు ఉంటే బైనాక్యులర్స్ తెచ్చుకోండి, పసుపు గొంతు పికిలిపిట్ట ఇక్కడి రాళ్ళ పొదల్లో ఉంటుంది. చాలా చోట్ల దొరకని పిట్ట అది. పడుచోళ్ళు దీనికి బదులు పక్కనే ఉండే స్కందగిరి ఎక్కొచ్చు. దానికి అటవీ శాఖ వాళ్ళ టికెట్టు ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి.

నేను పిల్లలకు చూపించాలనుకునేది వేరే. ఈ బెట్టల వరస మీద పడిన వాన మూడు దిక్కులకు పోతుంది. ఒకవైపు అర్కావతి, దొడ్డబళ్ళాపుర మీదుగా పోయి కావేరిలో కలుస్తుంది. ఇంకోవైపు దక్షిణ పినాకిని, హొసూరు పక్కనుంచి తమిళనాడులోకి పోయి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అత్తోళ్ళూ, మీ ఊరి ఏరు ఇదే. మూడోది ఉత్తర పినాకిని, అంటే పెన్నా. చెన్నకేశవ బెట్టలో పుట్టి, అనంతపురం, కడప సీమలు దాటి, 597 కిలోమీటర్లు పోయి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

మనవాళ్ళు పెన్నా ఒడ్డునుంచి వచ్చినారని అవ్వ చెప్పేది. జమ్మలమడుగు పక్క ఊరంట, ఏ ఊరో ఆమెకూ తెలియదు. "ఏటెంటే పైకి వచ్చినారు, నీళ్ళు పుట్టే చోట ఆగినారు" అనేది. పొద్దున మంచు కరిగినాక బెట్ట మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఆ మాట కథ అనిపించదు, దారి అనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు: ముద్దేనహళ్ళి

బెట్ట దిగి చిక్కబళ్ళాపుర వైపు కొంచెం పోతే ముద్దేనహళ్ళి. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, పక్కనే సమాధి. ఆయన ఇంటి పేరు మోక్షగుండం. అది గిద్దలూరు దగ్గరి ఊరు, వాళ్ళ పెద్దలు అక్కడినుంచి ఇటు వచ్చినారు. కృష్ణరాజసాగరం అందరికీ తెలుసు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడే పథకం వేసింది కూడా ఈయనే. 1955లో భారతరత్న ఇచ్చినారు. మా బడిలో కన్నడ పుస్తకంలో ఆయన పాఠం ఉండేది. మేష్టరు ఆయన్ను కన్నడిగుడని చెప్పేవాడు, ఇంట్లో తాత తెలుగోడని చెప్పేవాడు. రెండూ నిజమే, మనమూ అంతే కదా. పిల్లలకు ఈ మాట అక్కడ చెప్తే బాగా ఎక్కుతుంది.

ఇంక తోట మాట

నాయనకు 71. పొద్దున ఆరుకు తోటకు పోతాడు, మోకాళ్ళ నొప్పితో పదికి వచ్చేస్తాడు. కూలి మనుషులు దొరకడం లేదు. కాయ ధర ఏడాదికో మాదిరి. ఎయిర్‌పోర్టు 2008లో దేవనహళ్ళికి వచ్చినప్పటినుంచి చుట్టూ సైట్ల రాళ్ళు లేస్తానే ఉండాయి. మన తోటకు మూడు పక్కలా ఇప్పుడు లేఅవుట్లే.

అమ్ముదామనే వాళ్ళది ఆశ అని నేను అనను. పుణెలో చిన్నాయన కూతురు చదువుకు డబ్బు కావాలి. హొసూరు అత్త ఆపరేషన్ అప్పు ఇంకా తీరలేదు. నా భాగం వస్తే నా ఫ్లాటు లోను సగానికి సగం తీరిపోతుంది. రాత్రుళ్ళు ఆ లెక్క నేనూ వేసుకుంటాను. నేను ఉద్యోగం వదిలి వచ్చి సేద్యం చేస్తానని మీకు మాట ఇవ్వలేను, ఆ పని నా చేత కాదు.

కానీ అమ్మడం, ఉంచడం అని రెండే దారులు లేవు. ఒకటి, తోటను గుత్తకు ఇవ్వొచ్చు. పక్కూరి పిల్లోడొకడు అడుగుతా ఉండాడు, వాడికి చప్పరం పని వచ్చు. రెండు, పాత తీగ తీసి వైన్ రకం పెట్టి వైనరీతో ఒప్పందం చేసుకోవచ్చు. అయితే కొత్త తీగ కాపుకు రావాలంటే రెండు, మూడు ఏళ్ళు పడుతుంది, ఆ ఖర్చు 9 మందీ పంచుకోవాలి. మూడు, అవసరం ఎక్కువ ఉన్నోళ్ళ భాగాన్ని మిగిలినోళ్ళు కొని, తోటను ముక్క కాకుండా కాపాడొచ్చు. నా మనసు మూడోదాని వైపు ఉంది. దానికి నేను ఎంత పెట్టగలనో మీ ముందరే చెప్తాను. చాలకపోతే చాలలేదని అందరం కలిసి ఒప్పుకుందాం. అప్పుడు అమ్మినా నాకు బాధ ఉంటుంది గానీ కోపం ఉండదు.

నాయన మాత్రం ఏమీ చెప్పడు. "అందరిదీ కదా, అందరూ చెప్పినట్టే" అంటాడు. పోయిన నెల ఆ మాట అన్న మరుసటి రోజే పోయి తోటలో 12 కొత్త అంట్లు నాటి వచ్చినాడు. ఎందుకు నాయనా అంటే, "గుంతలు ఖాళీగా ఉండాయి" అన్నాడు.

ఫిబ్రవరిలో కోత ఉంటుంది. రెండో వారం మామూలు రోజులు చూసుకొని రండి. రైల్లో అయితే చిక్కబళ్ళాపురానికి టికెట్టు తీసుకోండి, నేను కారుతో వస్తాను. రాత్రుళ్ళు చలి ఉంటుంది, పిల్లలకు స్వెట్టర్లు తెండి. పాత చెప్పులు కూడా తెండి, ద్రాక్ష రసం మరక పోదు. మేడ మీద 14 మంది పడుకోవచ్చు. ఎవరెవరు వస్తారో జనవరి 20లోపల అమ్మకు ఫోన్ చేసి చెప్పండి, రాగులు ముందుగా ఆడించాలంట. పెన్నా ఒడ్డున మన ఊరి పేరు మీ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే, అది కూడా రాసుకొని రండి.